బుస కొట్టిన పాము మేలు

పాము పేరెత్తితే చాలు, మన గోదావరి సీమలో ప్రతివారి దగ్గరా ఒక కథ సిద్ధంగా ఉంటుంది. తోక తెగిన త్రాచు పన్నెండేళ్ళు పగబట్టి తిరిగిందని ఒకరు చెబుతారు. కొబ్బరితోటలో రక్తపింజర అర ఫర్లాంగు దూరం తరుముకు వచ్చిందని మరొకరు చెబుతారు. జెర్రిపోతు పశువులపాకలో దూరి ఆవు పొదుగు కుడిచిపోయిందని ఇంకొకరు. వీరెవరూ అబద్ధాలాడేవారు కారు. విన్నదే చెబుతారు. చెప్పగా చెప్పగా కథ పెరుగుతుంది. కథతో పాటు పాము పొడుగూ పెరుగుతుంది.

ఈ కథలన్నిటిలోనూ పాము మనిషిని వెతుక్కుంటూ వస్తుంది. నిజానికి అది వెతుక్కుంటూ వచ్చేది ఎలుకను, కప్పను. మనిషి దానికి ఆహారమూ కాడు, పగవాడూ కాడు. మింగటానికి వీలులేనంత పెద్దది, కాలు వేస్తే నడుము విరిగేటంత బరువైనది అయిన ఒక జంతువు మాత్రమే. అటువంటి జంతువు ఎదురుపడితే ఏ ప్రాణి అయినా ఏం చేస్తుంది? తప్పుకుపోవాలని చూస్తుంది. పామూ అంతే.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ పొలంగట్టు పాముల గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. కారణం ఉన్నది. నా తరగతిలో కోనసీమ నుంచి వచ్చే విద్యార్థిని ఒకతె ఆ మధ్య సార్వా ఊడ్పుల రోజులలో కొన్నాళ్ళు కనబడలేదు. తిరిగి వచ్చాక సంగతి చెప్పింది. వాళ్ళ నాన్న కౌలురైతు. వంతునీరు రాత్రివేళ వచ్చింది. దీపం లేకుండా బోదెగట్టు మీద నడిచి వెళుతూ రక్తపింజరను తొక్కాడు.

“బుస వినబడిందట మాస్టారూ! బోదెలో నీళ్ళు సుడి తిరుగుతున్న చప్పుడనుకున్నారట నాన్నగారు” అన్నది ఆ అమ్మాయి.

కాలికి తాడు బిగించి కట్టారు. ముందు మంత్రం వేసే ఆయన దగ్గరకు, తెల్లవారిన తరువాత ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణం దక్కింది. కాని మూత్రపిండాలు దెబ్బతిన్నందున వారాల తరబడి యంత్రం మీద రక్తం శుద్ధి చేయించవలసి వచ్చింది. ఆ ఏటి పంట మీద వచ్చినదంతా అందుకే సరిపోయింది. ఆ అమ్మాయి చదువు మానుకోవటం ఒక్కటే తక్కువ.

ఆ మాట చాలాకాలం నా చెవిలో నిలిచిపోయింది. పాము చెప్పింది, మనిషి విన్నాడు, కాని అర్థం కాలేదు. భాష చెప్పేవాడిని గనుక ఈ సంగతి నాకు మరింత పట్టుకున్నది. అప్పటినుంచి పాము మనిషికి ఎదురైనప్పుడు ఏం చేస్తుందో, ఏం చెబుతుందో తెలుసుకుంటూ వచ్చాను. అందులో నిక్కమని తేలినంతవరకు ఇక్కడ చెబుతాను.

పాముకు విషం ఆయుధం కన్నా ముందు అన్నం సంపాదించుకునే సాధనం. ఎలుకను పడగొట్టటానికి దాచుకున్న సరుకు అది. ఒకసారి ఖర్చయితే మళ్ళీ సమకూరటానికి రోజులు పడుతుంది. పనికిరాని చోట ఖర్చుపెట్టటం దానికి నష్టం. అందుచేత కాటు దాని చివరి మాట. మొదట కదలకుండా ఉండి కంటపడకుండా చూసుకుంటుంది. వీలైతే పారిపోతుంది. రెండూ కాకపోతే బెదిరిస్తుంది. ఆ బెదిరింపు కూడా పనిచేయకపోతేనే కాటు.

ఈ బెదిరింపు విద్యలో లోకప్రసిద్ధి పొందినది అమెరికా ఖండాల గిలకపాము. దాని తోక చివర గోరువంటి పదార్థంతో చేసిన బోలు గిలకలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. కుబుసం విడిచినప్పుడల్లా ఒక గిలక చేరుతుంది. ఎవరైనా సమీపిస్తే తోక ఆడించి గలగలలాడిస్తుంది. 2021లో వెలువడిన ఒక పరిశోధనలో చిత్రమైన సంగతి బయటపడింది. మనిషి దగ్గరవుతున్నకొద్దీ గిలక వేగం క్రమంగా పెరుగుతుందట. అంతలో ఒక్కసారిగా బాగా హెచ్చుతుందట. వినేవాడికి పాము తాననుకున్నదానికంటే బాగా దగ్గరలో ఉన్నట్టు తోచి అక్కడే ఆగిపోతాడు. ఆగిపోవటమే దానికి కావలసినది.

దానికి దాయాది అయిన మరొక విషసర్పం అమెరికా చిత్తడి నేలలలో ఉన్నది. మనిషి కనబడితే మీదికి వస్తుందని దానికి గొప్ప అపకీర్తి. ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ అపకీర్తిని పరీక్షించ దలచి, ఆ పాముల పక్కన నిలబడి, బూటుకాలితో మెల్లగా తొక్కి, చివరకు కృత్రిమ హస్తంతో పట్టుకుని ఎత్తి కూడా చూశారు. 2002లో వెలువడిన వారి ఫలితం ఇది: చాలా పాములు పారిపోజూశాయి, లేదా నోరు తెరిచి బెదిరించాయి. చేత్తో పట్టుకుని ఎత్తినప్పుడు కూడా సగానికి పైగా కరవలేదు. ఇది చదివి పాములను పట్టుకోబోయేరు సుమా! కరిచినవీ ఉన్నాయని మరువకూడదు.

మన డెల్టాలో గిలకపాములు లేవు. మనకు ముఖ్యంగా భయపడవలసినవి మూడు: త్రాచు, రక్తపింజర, కట్లపాము. మూడింటికీ మూడు స్వభావాలు. త్రాచు కంటికి చూపిస్తుంది. రక్తపింజర చెవికి వినిపిస్తుంది. కట్లపాము ఏమీ చెప్పదు.

త్రాచు సంగతి అందరికీ తెలిసినదే. భయపడినప్పుడు మెడ దగ్గరి పక్కటెముకలు విప్పి పడగ పడుతుంది. పడగ ఎత్తిన త్రాచు కరవటానికి వచ్చినదని మనం అనుకుంటాం. కరవ దలచినది పడగ ఎత్తి ప్రకటన చేయటమెందుకు? ‘నేనిక్కడ ఉన్నాను, నువ్వు తప్పుకో’ అని దాని భావం. ఒక్కొక్కప్పుడు నోరు మూసుకునే తలతో పొడిచి బెదిరిస్తుంది. పాములవాడి నాగస్వరానికి తల ఆడించటం కూడా సంగీతం మీది మోజు కాదు. ఎదుట ఊగుతున్న వస్తువు మీద నుంచి అది చూపు తిప్పుకోలేదు. పాముకు బయటి చెవులు లేవు. నేల అదురు దానికి బాగా తెలుస్తుంది. గాలిలో వచ్చే కొన్ని చప్పుళ్ళను కూడా పోల్చుకోగలదని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. రాగతాళాలు మాత్రం దానికి అక్కరలేదు.

రక్తపింజర కథ వేరు. గోధుమరంగు వీపు మీద మూడు వరుసలుగా ముదురు మచ్చలు. ప్రతి మచ్చ చుట్టూ నల్లని అంచు, దాని వెలుపల తెల్లని గీత. తల త్రికోణంగా ఉంటుంది. 18వ శతాబ్దం చివర విశాఖపట్నంలో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ తరపున మన కోస్తాలోని పాములను తెప్పించి పరిశీలించి, 1796లో లండనులో బొమ్మలతో గొప్ప గ్రంథం అచ్చువేయించాడు. విషమున్న పాములేవో, లేనివేవో జనానికి తెలియాలన్నది ఆయన తాపత్రయం. పాములను తెచ్చి ఇచ్చిన మనవాళ్ళు చెప్పిన తెలుగు పేర్లనే ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్నాడు. ఈ పాముకు ఆయన రాసుకున్న పేరు ‘కాటుక రేకుల పొడ’. పొడ అంటే మచ్చ. కాటుకతో దిద్దిన పూరేకులవంటి మచ్చలు! ఆ పేరు పెట్టిన అజ్ఞాత కవి ఎవరో గాని, ఏ ప్రబంధకవికీ తీసిపోడు. తరువాత శాస్త్రజ్ఞులు దానికి రస్సెలు పేరే పెట్టారు.

ఆ కాటుక రేకులే ప్రమాదానికి మూలం. ఒక పుష్యమాసపు ఉదయాన ధవళేశ్వరం దిగువన కాలువగట్టు మీద ఒక రైతుతో కలిసి నడుస్తున్నాను. ఆయన చటుక్కున నా మోచేయి పట్టుకుని, “ఆగండి మాస్టారూ” అన్నాడు. ఎదురుగా ఎండుటాకుల కుప్ప తప్ప నాకేమీ కనబడలేదు. అంతలో ఆ కుప్పలో నుంచి కమ్మరి కొలిమితిత్తి ఊదినట్టు దీర్ఘంగా ఒక బుస వచ్చింది. చప్పుడు వచ్చిన చోట చూపు నిలిపితే అప్పుడు తెలిసింది, ఆకులలో సగం ఆకులు కావని. ఆయన రెండడుగులు వెనక్కు వేయించాడు. ఇద్దరం మెదలకుండా నిలబడ్డాం. కాసేపటికి బుస ఆగింది. చుట్ట విడింది. తొందరలేకుండా గట్టు దిగి గడ్డిలోకి పోయింది.

వేదాంతులు రజ్జుసర్పభ్రాంతి అంటారు. మసక చీకటిలో తాడును చూసి పామనుకోవటం. దానివల్ల గుండె దడ తప్ప ప్రాణాపాయం లేదు. మన పొలాలలో జరిగేది తలకిందుల భ్రాంతి. పామును చూసి ఎండుటాకనుకుంటాం, బుస విని నీటి చప్పుడనుకుంటాం. రక్తపింజర తన వేషాన్ని నమ్ముకుని కదలకుండా పడి ఉంటుంది. త్రాచులాగా తొందరగా తొలగిపోదు. మరీ దగ్గరకు వస్తేనే బుస కొడుతుంది. ఆ బుస విని ఆగినవాడు ఇంటికి వస్తాడు. బుస కొట్టిన పాము మేలని నేననేది అందుకే. కాని తొక్కేశామంటే దానికి బుస కొట్టే వ్యవధి కూడా ఉండదు. ఇంకొక సంగతి. ఇది గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. ఒక్క ఈతలో 20 నుంచి 40 వరకు ఉండవచ్చు. పుట్టిన పిల్లకు కూడా విషం ఉంటుంది.

మూడవది కట్లపాము. నల్లని మెరిసే ఒళ్ళు, దాని మీద సన్నని తెల్లని కట్లు. పగటిపూట కదిలిస్తే చుట్ట చుట్టుకుని తలను చుట్టలోనే దాచుకునే పిరికి పాము. రాత్రి అయితే మనిషి మారినట్టు పాము మారుతుంది. ఎలుకలను, బల్లులను, తోటి పాములను వెతుక్కుంటూ ఇళ్ళలోకి వస్తుంది. నేల మీద పడుకున్నవారు నిద్రలో చేయో కాలో కదిపితే కరుస్తుంది. పడగ లేదు, బుస లేదు. కాటు నొప్పి కూడా చీమ కుట్టినంతే. చాలాసార్లు గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలుతాయి, మాట ముద్దగా వస్తుంది, చివరకు ఊపిరి ఆడదు. తిన్నది పడలేదనుకుని ఇంట్లో వాము నీళ్ళు పడతారు. నేల మీద నిద్రించినవారికి తెల్లవారుజామున ఈ లక్షణాలు కనిపిస్తే పాము కనబడకపోయినా పాముకాటనే అనుమానించాలి.

భాషాభిమానులకు ఒక ముక్క. కట్లపాము జాతికి ప్రపంచ శాస్త్రజ్ఞులందరూ వాడే పేరు ‘బంగారస్’. అది మన బంగారమే! పసుపు, నలుపు పట్టీలుండే దాని అన్నగారిని మనవాళ్ళు బంగారుపాము అంటే రస్సెలు అలాగే రాసుకున్నాడు. అది లాటిను వేషం వేసుకుని లోకమంతా తిరుగుతున్నది.

ఇక మిగిలినవి జెర్రిపోతు, నీటిపాము, పసరిక పాము మొదలైనవి. మన కర్రలకు ఎక్కువగా బలి అయ్యేవి ఇవే. ఈ అన్యాయం కొత్తది కాదు. దీని మీద భారతంలో ఒక కథే ఉన్నది. దాన్ని తెలుగు చేసినది మన రాజమహేంద్రవరంలో నన్నయగారు. రురుడనే మునికుమారుడు ప్రమద్వరను వివాహమాడ నిశ్చయించుకున్నాడు. ఆమె చెలికత్తెలతో ఆడుకుంటూ చూడక పామును తొక్కింది, కాటుకు గురి అయి పడిపోయింది. రురుడు తన ఆయుర్దాయంలో సగమిచ్చి ఆమెను బ్రతికించుకున్నాడు. కాని కోపం చల్లారలేదు. కర్ర పుచ్చుకుని కనబడిన పామునల్లా చంపుతూ పోయాడు. చివరకు విషమే లేని డుండుభం ఎదురై, నన్నెందుకు కొడతావని నిలవేసింది. వెయ్యేళ్ళనాడు కవి చెప్పిన ఈ కథలో నేటి శాస్త్రం చెప్పే రెండు సంగతులూ ఉన్నాయి. కాటు పాము పగవల్ల కాక పాదం కింద పడటంవల్ల జరిగింది. పగబట్టినది పాము కాదు, మనిషి.

పాములు లేని డెల్టా కావాలని కోరుకున్నా అది మనకు లాభం కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయి కాలువలు పారిన తరువాత ఈ నేల అన్నపూర్ణ అయింది. వరి ఉన్నచోట ఎలుక ఉంటుంది. ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. గాదెలోని గింజను కాపలా కాసేవాటిలో పాము కూడా ఒకటి. ఆ పైన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని చంపటం నేరం కూడా.

అయితే జరుగుతున్న నష్టం తక్కువేమీ కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటువల్ల సుమారు 12 లక్షలమంది మరణించారని 2020లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన అంచనా కట్టింది. ఏటా సగటున 58,000 మంది! నష్టం ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో తెలుగునేల కూడా ఉన్నది. చావులలో దాదాపు సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపల జరుగుతున్నాయి. అంటే మన ఊడ్పులూ కలుపుతీతలూ జరిగే రోజులలోనే. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును నిర్లక్ష్యానికి గురి అయిన జబ్బుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని భారత ప్రభుత్వం 2024లో ఒక జాతీయ ప్రణాళిక ప్రకటించింది. నిర్లక్ష్యానికి కారణం ఊహించటం కష్టం కాదు. కాటు పడేది వంతునీటికి వెళ్ళే కౌలుదారు కాలికి, కోతకు వంగిన కూలి మనిషి చేతికి, నేల మీద పడుకున్న పిల్లవాడికి. మేడ మీద పడుకునేవారికి కాదు.

మరి ఏం చేయాలి? పాము ఎదురైతే ముందు ఆగాలి. ఆరడుగుల ఎడం ఉండేటట్టు మెల్లగా వెనక్కు తగ్గి, దానికి దారి వదలాలి. రాయి వేయరాదు, కర్రతో కదిలించరాదు. రాత్రివేళ గట్టు మీదికి వెళితే దీపం తప్పనిసరి. చెప్పులో, వీలైతే బూట్లో వేసుకుని, ముందు కర్రతో నేల తడుతూ అడుగులు బరువుగా వేయాలి. గడ్డిమేటులోనూ, కొబ్బరిమట్టల కుప్పలోనూ, పిడకల గూటిలోనూ చూడకుండా చేయి పెట్టకూడదు. పనలు ఎత్తేముందు కర్రతో కదపాలి. ఇంట్లో నేల మీద పడుకోక మంచమెక్కాలి. దోమతెర కట్టి, అంచులు పరుపు కిందకు దోపుకోవాలి. దోమతెరలో పడుకునేవారికి పాముకాటు ప్రమాదం బాగా తక్కువని నేపాలు తరాయి పల్లెలలో జరిగిన పరిశీలనలో తేలింది.

కాటు పడనే పడితే, గాటు కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడు బిగించవద్దు. తాడు బిగిస్తే విషం ఆగదు సరికదా, కాలు కుళ్ళవచ్చు. ఉంగరాలు, మెట్టెలు, గాజులు తీసేయాలి. కాటు పడిన కాలికి గాని చేతికి గాని బద్ద కట్టి కదలకుండా ఉంచాలి. రోగిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. 108 బండి ఆలస్యమయ్యే చోట మోటారుసైకిలు మీద ఇద్దరి నడుమ రోగిని కూర్చోబెట్టుకుని తీసుకుపోవచ్చు. తరాయిలో యువకులు ఇలా చేసి ఎందరి ప్రాణాలో నిలబెట్టారు. పామును చంపి వెంట తీసుకుపోవలసిన అవసరమూ లేదు. త్రాచుకు, కట్లపాముకు, రక్తపింజరకు, మెట్టభూములలో ఉండే చిన్న పింజరకు అన్నిటికీ ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు ఒక్కటే. గుర్రాలకు విషం కొద్దికొద్దిగా ఎక్కించి వాటి రక్తం నుంచి దాన్ని తయారుచేస్తారు. అందుకు కావలసిన విషాన్ని తమిళనాడులోని ఇరుల జాతివారు 1978లో పెట్టుకున్న సహకార సంఘం ఏళ్ళ తరబడి సరఫరా చేస్తూ వచ్చింది. పింజర కాటని అనుమానమైతే వైద్యులు కాస్త రక్తం తీసి శుభ్రమైన గాజుగొట్టంలో 20 నిమిషాలు కదలకుండా ఉంచుతారు. అప్పటికి గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. ఇంత తేలికైన పరీక్షకు గాని, ఆ మందుకు గాని మంత్రం దగ్గర పోగొట్టుకున్న గంటలు తిరిగి రావు.

మంత్రంతో నయమయ్యారని చెప్పేవారు లేకపోలేదు. కరిచినది విషం లేని పాము అయి ఉండవచ్చు. విషసర్పం కూడా కొన్నిసార్లు విషం దించకుండానే కరుస్తుంది. అటువంటి రోగి మంత్రం వేసినా బ్రతుకుతాడు, వేయకపోయినా బ్రతుకుతాడు.

2018 ఆగస్టులో కృష్ణాజిల్లా దివిసీమలో పాముకాట్లు విపరీతంగా పెరిగినప్పుడు మోపిదేవిలో సర్పశాంతి యాగం జరిపారు. భక్తిని నేను కాదనను. కార్తికమాసంలో నాగుల చవితినాడు మా ఇంటిల్లిపాదీ పుట్ట దగ్గరకు వెళతాం. అయితే పాలు పాముకు ఆహారం కాదు. పుట్టలో పోసిన పాలు దానికి ఉపకారం కన్నా ఇబ్బందే చేస్తాయి. ఈసారి చవితికి పుట్ట దగ్గర రెండు పూలు పెట్టి దణ్ణం పెట్టుకుందాం. ఆ పాల ఖర్చుతో మీ పొలానికి నీరు పెట్టే మనిషికి ఒక చేతిదీపం కొనిపెట్టండి. ఇంట్లో పిల్లలకు ఒక దోమతెర కొనండి. నా విద్యార్థిని వాళ్ళింట్లో ఈ రెండూ ఇప్పుడున్నాయి. వాళ్ళ నాన్న రాత్రి గట్టెక్కేటప్పుడు దీపం వెలిగించి, చప్పుడు వినబడితే ముందు ఆగి, ఆ తరువాతే అడుగు వేస్తున్నాడట.